రికవరీ పడిపోతే నేరం చెరకుదేనా? మిల్లు రోలర్ల సంగతీ అడుగుదాం

ఏటా క్రషింగ్ ముగిశాక ఫ్యాక్టరీ వాళ్లు రైతుల్ని పిలిచి మీటింగు పెడతారు. షామియానా, మజ్జిగ ప్యాకెట్లు, మైకు అన్నీ ఉంటాయి. ‘ఈ ఏడు రికవరీ తగ్గింది’ అని మొదలుపెడతారు. ఆ తర్వాత మన తప్పుల చిట్టా చదువుతారు. మొవ్వు సరిగా కొట్టలేదు, చెత్త తీయలేదు, వేళ్లమట్టితో సహా తోలారు, కార్శి తోటలు మూడేళ్లు దాటి ఉంచారు, యూరియా ఆఖరిదాకా వేశారు. ఇందులో అబద్ధం లేదు. మనలో కొందరు ఇవన్నీ చేస్తున్నాం. అందుకే తలలు దించుకుని వింటాం, మజ్జిగ తాగి ఇంటికొస్తాం.

కానీ ఆ మీటింగులో ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది. మా చెరకు సంగతి సరే, దాన్ని పిండే మీ రోలర్ల సంగతేమిటండీ?

ఈ ప్రశ్న నాకు ఊరికే పుట్టలేదు. కొన్నేళ్ల కిందట జనవరిలో నా చెరకు ఒక ఫ్యాక్టరీ యార్డులో నాలుగు రోజులు ఎండింది. ఫ్యాక్టరీ పేరు ఇక్కడ అనవసరం. మూడో మిల్లు పై రోలరు ఇరుసు విరిగిందన్నారు. ట్రాక్టర్లు గేటు దాటి రోడ్డు మీదికి వరస కట్టాయి. రాత్రీ పగలూ వెల్డింగ్ చేసి నాలుగో రోజు మిల్లు తిప్పారు. సరిగ్గా తొమ్మిది రోజులకు అదే ఇరుసు, ఆ అతుక్కి జానెడు దూరంలో, మళ్లీ విరిగింది. ఈసారి బయటినుంచి వేరే రోలరు తెప్పించారు. మొదటిసారి కాటా వేసే సరికే నా బండి తూకం తగ్గింది. చెరకు ఎండితే బరువు పోతుంది, పంచదార కూడా విరిగిపోతుంది. ఆ నష్టం నా ఖాతాలోనే పడింది. ఎవరూ ఏ కాగితం మీదా రాయలేదు.

ఆ రెండోసారి విరిగిన ముక్కను చూశాను. యార్డు గోడ పక్కన పడేశారు. విరిగిన ముఖం మీద ఎక్కువ భాగం నల్లగా, తుప్పు రంగులో, నున్నగా ఉంది. ఒక మూల మాత్రమే కొత్తగా, గరుకుగా మెరుస్తోంది. పాత ఫోరుమను ఒకాయన దాన్ని కాలితో తిప్పి చూపించి ‘ఈ నల్లగా ఉన్నదంతా ఎప్పుడో పగిలిందండి, మెరిసేది మాత్రం ఈ వేళ విరిగింది’ అన్నాడు. అంటే ఇరుసు ఒక్క రాత్రిలో విరగలేదు. రోజుల తరబడి, వారాల తరబడి లోపల్లోపల తెగుతూ వచ్చి, మిగిలిన కొంచెం కూడా బరువు మోయలేక ఆ రాత్రి పుటుక్కుమంది. అప్పట్నుంచి తెలిసిన మెకానిక్కులను, వెల్డర్లను, చక్కెర ఫ్యాక్టరీల్లో చేసి రిటైరైన వాళ్లను అడుగుతూ తెలుసుకున్న సంగతులు ఇవి. నేను ఇంజనీర్ని కాను, హైస్కూలుతో చదువు ఆపినవాణ్ణి. కానీ ఇనుము ఎలా పాడవుతుందో అర్థం చేసుకోడానికి పెద్ద చదువులు అక్కర్లేదు. దమ్ము చక్రాలున్న ప్రతి రైతూ దాన్ని ఇంట్లోనే చూస్తున్నాడు.

మన గోదావరి జిల్లాలకు చెరకు మిల్లు కొత్త కాదు. తణుకులో ఆంధ్రా షుగర్స్ పెట్టింది 1947లో. సామర్లకోట, చెల్లూరు, చాగల్లు, తాడువాయి, భీమడోలు, ఈ పేర్లు చెబితే చెరకు బండ్ల వరసలు గుర్తొచ్చే తరం మనది. వాటిలో కొన్నిచోట్ల గొట్టంలోంచి పొగ రావడం ఆగి ఏళ్లయింది. అది వేరే వ్యాసానికి సరిపడే దుఃఖం. ఉన్నవాటి గురించి మాట్లాడుకుందాం.

మిల్లులో మూడేసి రోలర్లు ఒక జట్టు. పైన ఒకటి, కింద ముందొకటి, వెనకొకటి. మన బెల్లం గానుగలో ఉన్న ఏర్పాటే, కాకపోతే ఏనుగంత. అలాంటి జట్లు నాలుగో అయిదో ఆరో వరసగా ఉంటాయి. చెరకు ఒకదాన్నుంచి ఇంకోదానికి పోతూ పిప్పి అవుతుంది. ప్రతి రోలరుకూ లోపల ఉక్కు ఇరుసు, దాని మీద పోత ఇనుముతో చేసిన మందపాటి తొడుగు ఉంటాయి. తొడుగును కాల్చి, వ్యాకోచించాక ఇరుసు మీదికి ఎక్కిస్తారు, చల్లారి బిగుసుకుంటుంది. బండి చక్రానికి కమ్మరి ఇనుప పట్టా ఎక్కించేది ఇదే పద్ధతిలో. తొడుగు మీద చుట్టూతా గాళ్లు ఉంటాయి. పై రోలరు మీద నూనె ఒత్తిడితో వందల టన్నుల బరువు మోపుతారు. చెరకు నలగాలంటే ఆ మాత్రం కావాలి.

ఇప్పుడు ఆ ఇనుము ఎందులో మునిగి ఉందో చూడండి. చెరకు రసం మనకు తియ్యగా ఉంటుంది గానీ ఇనుముకు అది పులుపే. మంచినీళ్ల పీహెచ్ 7 అనుకుంటే, రసం 5 నుంచి 5.5 దాకా ఉంటుంది. పైగా చివరి మిల్లుల మీద, పిప్పిలో మిగిలిన తీపి రాబట్టడానికి వేడి నీళ్లు చల్లుతారు. పులుపు, వేడి, గాలి మూడూ కలిశాక తుప్పుకు ఇంకేం కావాలి? మూలల్లో, సందుల్లో రసం నిలిస్తే సూక్ష్మజీవులు దాన్ని పులియబెట్టి ఇంకా పుల్లగా చేస్తాయి. గానుగ దగ్గర రెండు రోజులు కడగకుండా వదిలేస్తే పట్టే ఆ జిగురు మనకు తెలిసిందే. మామూలుగా తుప్పు పొర ఏర్పడితే అది కింది ఇనుమును కొంత కాపాడుతుంది. మిల్లులో ఆ అవకాశం కూడా లేదు. చెరకుతో వచ్చిన ఇసుక, మట్టి ఆ పొరను గీకేస్తూ ఉంటాయి. కొత్త ఇనుము బయటపడుతుంది, మళ్లీ తుప్పు, మళ్లీ గీకుడు. ఇక్కడ మన వాటా ఉందని ఒప్పుకోవాలి. వానల్లో బురద వేళ్లతో తోలిన చెరకు రోలరును ఆకురాయిలా అరగదీస్తుంది.

గాళ్ల అంచులు అరిగి నున్నబడితే రోలరు చెరకును పట్టదు, జారుతుంది. జారకుండా గాళ్ల మీద వెల్డింగ్ రాడ్డుతో బొట్లు బొట్లుగా గరుకు వేస్తారు. దీన్ని మిల్లు భాషలో ఆర్సింగ్ అంటారు. మిల్లు తిరుగుతుండగానే వేస్తారు, రసం ఓడుతుండగానే వేస్తారు. ఆ పని చేసేవాడి చెయ్యి చూసి నేను దండం పెట్టాను. అది తప్పు పని కాదు, అవసరమైన పని. ఆ బొట్టు రాలిపోయినా కొంపలు మునగవు, మళ్లీ వేస్తారు. అసలు గొడవ ఇరుసు దగ్గర వెల్డింగుతో వస్తుంది.

ఇరుసు బేరింగులో తిరిగే చోట అరుగుతుంది. తొడుగు అంచు దగ్గర, రసం సందులోకి దూరి, కనపడని చోట గుంటలు పడతాయి. అరిగిన ఇరుసును మార్చడం ఖరీదు, కొత్తది రావడానికి నెలలు. అందుకని అరిగిన చోట వెల్డింగుతో ఇనుము నింపి, లేతు మీద సాపు చేసి తిరిగి ఎక్కిస్తారు. చూడ్డానికి కొత్తదానిలా మెరుస్తుంది. బిల్లు కూడా తక్కువే.

మీ దమ్ము చక్రం కమ్మీ విరిగి అతుకు వేయించిన రోజు గుర్తు తెచ్చుకోండి. రెండోసారి ఎక్కడ విరిగింది? అతుకు మీద విరగదు, దాని పక్కన విరుగుతుంది. దీనికి కారణం మన కమ్మరి చెబుతాడు. కొడవలి కాల్చి నీళ్లలో ముంచితే పదును నిలిచేంత గట్టిపడుతుంది. అదే పనిగా మరీ గట్టిపరిస్తే, రాయి తగిలినప్పుడు గాజులా ముక్కవుతుంది. వెల్డింగులోనూ అదే జరుగుతుంది. కరిగిన ఇనుము పక్కనున్న ఇరుసు ఎర్రగా కాలుతుంది, చుట్టూ ఉన్న చల్లటి పెద్ద దిమ్మ ఆ వేడిని ఒక్కసారిగా లాగేస్తుంది. నీళ్లలో ముంచినట్టే. అక్కడ ఉక్కు పెళుసవుతుంది. దానికి తోడు, కరిగిన ఇనుము చల్లారుతూ ముడుచుకుంటుంది. ముడుచుకోడానికి చోటు లేక పక్కనున్న లోహాన్ని లాగి పట్టుకుంటుంది. బయటినుంచి ఏ బరువూ పడకముందే ఆ చోట లోపల ఒక గుంజులాట మొదలై ఉంటుంది.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. వెల్డింగ్ రాడ్డు పూతలో చెమ్మ ఉంటే, ఆ మంటలో నీరు విడిపోయి హైడ్రోజను ఉక్కులోకి దిగుతుంది. వెల్డింగ్ అయిన గంటల తర్వాత, ఒక్కోసారి మర్నాటికి, ఏ చప్పుడూ లేకుండా లోపల సన్నటి పగులు పుడుతుంది. జూలై, ఆగస్టుల్లో మన డెల్టా గాలి ఎలా ఉంటుందో చెప్పాలా? అట్టపెట్టెలో తెరిచిపెట్టిన రాడ్డు అప్పడంలా మెత్తబడుతుంది. రాడ్లను పొయ్యిలో కాల్చి ఆరబెట్టి వాడాలి, ఇరుసును ముందే రెండు మూడు వందల డిగ్రీలకు కాచాలి, అయ్యాక కప్పెట్టి నెమ్మదిగా చల్లార్చాలి. తెలిసిన వెల్డరు ఎవరైనా చెప్పే మాటే ఇది. యార్డులో మూడు వందల బండ్లు నిలబడి, పైనుంచి ‘ఎంతసేపు?’ అని ఫోన్లు వస్తుంటే ఈ మూడూ జరిగే పని కాదు. తప్పు ఆ రాత్రి వెల్డింగ్ చేసిన కుర్రాడిది కాదు. స్పేరు రోలరు కొనకుండా సీజను మొదలుపెట్టిన వాళ్లది.

అతుకు ఇనుము, అసలు ఇనుము ఒకే రకం కావు. రెండు రకాల లోహాలు పుల్లటి రసంలో కలిసి మునిగితే టార్చిలైటు బ్యాటరీలో జరిగేదే జరుగుతుంది. ఒకటి రెండోదాన్ని తినేస్తుంది. అందుకే తుప్పు అన్నిచోట్లా సమానంగా పట్టదు, అతుకు గీత వెంబడి గాడి తవ్వినట్టు పడుతుంది. స్టెయిన్‌లెస్ స్టీలు వేస్తే పీడ పోతుంది కదా అంటారు. అదీ అంత తేలిక కాదు. తప్పు రకం స్టీలును వెల్డింగ్ చేస్తే ఆ వేడికి అతుకు పక్కన క్రోమియం కార్బన్‌తో ముడిపడిపోయి, తుప్పును ఆపే శక్తి ఆ గీతలో పోతుంది. పాల డబ్బా అంతా మెరుస్తూ, వెల్డింగ్ పక్కన మాత్రం ఎర్రటి చార వస్తే అది ఇదే. కార్బన్ తక్కువ ఉండే రకం వాడితే ఆ బాధ ఉండదు. అది కొనాలంటే ఖరీదు. రాజమండ్రి వైపు కాగితం మిల్లుల్లో పనిచేసిన వాళ్లను అడిగినా, తడిలో తిరిగే రోలర్లకు అతుకులే బలహీనత అని ఇదే మాట చెబుతారు.

ఇక తిరుగుడు లెక్క. మిల్లు రోలరు నెమ్మదిగానే తిరుగుతుంది, నిమిషానికి నాలుగైదు చుట్లు. నాలుగే అనుకున్నా రోజుకు 5,760 చుట్లు. నూట ఇరవై రోజుల సీజనులో దగ్గర దగ్గర ఏడు లక్షలు. ప్రతి చుట్టుకూ ఇరుసు ఒకవైపు సాగి, మరోవైపు నలిగి, మళ్లీ తారుమారవుతుంది. ఇనుప తీగను అటూ ఇటూ వంచి తెంపుతాం కదా, అదే పని ఏడు లక్షల సార్లు. పొడిగా ఉంటే మంచి ఉక్కు ఒక హద్దు లోపు బరువును ఎన్ని కోట్ల సార్లయినా మోస్తుందని ఇంజనీర్లు అంటారు. రసంలో తడుస్తూ తుప్పు పట్టే ఉక్కుకు ఆ హద్దు ఉండదు. తుప్పు గుంట అడుగున పగులు మొదలవుతుంది, పగుల్లోకి రసం దిగుతుంది, రసం పగులును తింటుంది. బరువు తగ్గించినా ఆగదు, ఆలస్యమవుతుంది అంతే.

చిన్న అతుకు ఎంత పని చేస్తుందో ప్రపంచం చూసింది. 1980 మార్చి 27న నార్వే దగ్గర ఉత్తర సముద్రంలో అలెగ్జాండర్ కీలాండ్ అనే ఉక్కు వేదిక, చమురు కార్మికులు బస చేసేది, బోల్తాపడి 123 మంది చనిపోయారు. విచారణలో తేలిందేమిటంటే, ఒక పెద్ద గొట్టపు దూలానికి చిన్న పరికరం తగిలించడానికి వేసిన వెల్డింగు దగ్గర పగులు పుట్టి, అలల ఊపుకు పెరిగి, దూలం తెగింది. అంత దూరం ఎందుకు? 2021 ఆగస్టులో పులిచింతల 16వ గేటు కొట్టుకుపోయింది. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర 19వ గేటు గొలుసు తెగి, మూడు రాష్ట్రాల రైతుల నీళ్లు నదిపాలయ్యాయి. గేటు పోతే టీవీల్లో వస్తుంది, మంత్రులు వస్తారు. రోలరు పోతే యార్డులో మన చెరకు ఎండుతుంది, అంతే.

విరగడం ఒక నష్టం. విరగకుండా అరిగిపోయి తిరుగుతూ ఉండటం ఇంకో నష్టం, ఇది కనపడదు. నున్నబడిన రోలరు, సందు పెరిగిన రోలరు చెరకును గట్టిగా పిండలేవు. పంచదార పిప్పితో పాటు బాయిలర్లోకి పోయి కాలిపోతుంది. వంద కిలోల చెరకుకు ఇంచుమించు ముప్పై కిలోల పిప్పి వస్తుంది. ఆ పిప్పిలో తీపి ఒక్క శాతం ఎక్కువ మిగిలిందనుకోండి, వంద కిలోల చెరకు మీద 300 గ్రాములు పోయినట్టు. లోపలి నష్టాలు తీసేసి 250 గ్రాములే అనుకుందాం. అంటే రికవరీ పావు శాతం తగ్గింది. 2025-26 సీజనుకు కేంద్రం ప్రకటించిన ఎఫ్ఆర్‌పీ 10.25 శాతం రికవరీకి క్వింటాకు 355 రూపాయలు. ప్రతి 0.1 శాతానికి 3.46 రూపాయలు అటో ఇటో. పావు శాతమంటే క్వింటాకు 8.65, టన్నుకు 86 రూపాయల 50 పైసలు. ఎకరానికి 35 టన్నులు పండించిన రైతుకు మూడు వేల పైచిలుకు. ఒక ఎకరం జడచుట్లు కట్టించిన కూలి అందులో ఎంత భాగమో మీరే చూసుకోండి.

‘మీ ఫ్యాక్టరీ రికవరీ 9.5 కంటే తక్కువే కదా, అంతకన్నా పడిపోయినా మీకు 329 రూపాయల 5 పైసలు ఖాయం, మీకేం పోయింది?’ అని ఒక పెద్దమనిషి నన్ను అడిగాడు. చట్టం ప్రకారం ఆ మాట నిజమే. 9.5 కింద కోత లేదు. కానీ 9.3 దగ్గర ఆగిన ఫ్యాక్టరీ మంచి రోలర్లతో ఆ గీత దాటితే వచ్చే పైసా కూడా మనకు రాదు. రెండోది, మనకు కోత లేకపోయినా పంచదార పోయినట్టే. ఫ్యాక్టరీకి ఆ నష్టం బకాయిల రూపంలో తిరిగి మన మీదికే వస్తుంది. 1966 చెరకు నియంత్రణ ఉత్తర్వు ప్రకారం చెరకు తోలిన 14 రోజుల్లో డబ్బు ఇవ్వాలి, దాటితే 15 శాతం వడ్డీ. ఆ వడ్డీ ముఖం చూసిన రైతులు ఈ పత్రిక చదివేవారిలో ఎంతమంది?

అనకాపల్లి పరిశోధన కేంద్రం వాళ్లు ఏళ్లు కష్టపడి 87ఎ298 లాంటి రకాలు ఇచ్చారు. రైతు విత్తనం మార్చాడు, బిందు సేద్యం పెట్టాడు. ఆ తీపి అంతా పొలం నుంచి ఫ్యాక్టరీ దాకా వచ్చి, అరిగిన గాడి సందులోంచి జారి పొయ్యిలో పడుతుంటే, రకం మార్చండి అని మళ్లీ మనకే చెప్పడం భావ్యం కాదు.

రోలరు ఎక్కువగా పాడయ్యేది తిరిగేటప్పుడే కాదు, ఊరికే ఉన్నప్పుడు కూడా. మార్చిలోనో ఏప్రిల్లోనో క్రషింగ్ ఆపిన రోజు నుంచి మళ్లీ డిసెంబరు దాకా ఏడెనిమిది నెలలు మిల్లు ఖాళీ. ఆపిన రోజే వేడి నీళ్లతో, సున్నపు నీళ్లతో కడిగి, ఆరబెట్టి, గ్రీజో నూనో పట్టించి కప్పెడితే సరే. సీజనల్ కూలీలను మర్నాడే ఇంటికి పంపేస్తే ఆ కడిగేది ఎవరు? గాళ్లలో మిగిలిన రసం పులుస్తుంది, మన ఉప్పుగాలి తోడవుతుంది, తొలకరి వస్తుంది. నవంబరులో రంగు వేసి కొబ్బరికాయ కొడతారు. రంగు కింద ఏముందో జనవరిలో తెలుస్తుంది.

బెల్లం గానుగలున్న మన వాళ్లకు కూడా ఇదే మాట. రాత్రి ఆపగానే రోలర్లు కడగండి, సీజను అయ్యాక గ్రీజు పట్టించండి. తొడుగు మీద గరుకుకు వెల్డింగ్ చేయించుకోండి గానీ, ఇరుసుకు పగులు వస్తే అతుకు వేయించి మళ్లీ ఎక్కించకండి. గానుగలో చెరకు పెట్టే మనిషి చేతులు ఆ రోలర్ల ముందే ఉంటాయి.

ఫ్యాక్టరీల విషయానికొస్తే, ఇప్పుడు ఆఫ్ సీజను. రోలర్లు విప్పి ఉండే కాలం ఇదే, అడగాల్సిన కాలమూ ఇదే. ఇరుసుల లోపలి పగుళ్లను శబ్ద తరంగాలతో పట్టే అల్ట్రాసోనిక్ పరీక్ష ఉంది. పైపై పగుళ్లను రంగు పూసి పట్టే పరీక్ష ఇంకా చవక. ఏ రోలరుకు ఏ తేదీన ఏ పరీక్ష చేశారు, ఏ ఇరుసు మీద ఎన్నిసార్లు వెల్డింగ్ నింపారు, స్పేరు రోలరు ఉందా లేదా అన్నది కాగితం మీద రైతులకు ఇవ్వాలి. క్రషింగ్ నడిచే రోజుల్లో పిప్పిలో తీపి ఎంత మిగిలిందో ఫ్యాక్టరీ లేబరేటరీ రోజూ చూస్తుంది. ఆ అంకెను కాటా దగ్గర బోర్డు మీద రాయడానికి అయ్యే ఖర్చు సుద్దముక్క. మిల్లు ఆగి యార్డులో 24 గంటలు దాటి నిలిచిన చెరకుకు, వచ్చిన రోజు తూకమే లెక్కగట్టాలి. సహకార ఫ్యాక్టరీల్లో అయితే మనం వాటాదారులం కూడా, మహాజన సభలో ఈ కాగితం అడగడం మన హక్కు. ప్రైవేటు ఫ్యాక్టరీల్లో జిల్లా చెరకు అధికారుల ద్వారా అడగవచ్చు.

మన వైపు నుంచి కూడా ఒక మాట ఇవ్వాలి. వేళ్లమట్టి దులిపి, మొవ్వు కొట్టి, చెత్త తీసిన చెరకే తోలతాం. ఇసుకతో తోలుతూ రోలరు అరిగిందని కేకలేస్తే మన మాటకు విలువ ఉండదు. సంఘం గ్రామ కమిటీలు కటింగ్ మేస్త్రీలతో ఈ విషయం ముందే మాట్లాడాలి.

దసరా లోపు రెండు జిల్లాల్లో క్రషింగ్ చేసే ప్రతి ఫ్యాక్టరీకీ సంఘం తరఫున ఉత్తరం ఇస్తున్నాం. మండల కమిటీల వాళ్లు తమ పరిధిలోని ఫ్యాక్టరీకి అయిదుగురు చొప్పున వెళ్లి ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోవాలి. ఎవరు జవాబిచ్చారు, ఎవరు ఇవ్వలేదు, ఇచ్చిన జవాబులో ఏముంది అన్నది క్రషింగ్ మొదలయ్యే ముందు సంచికలో అచ్చు వేస్తాం.